తలుపు పక్కన ఏముంచుకోవాలి?

ధ్యాన భాగము: నిర్గమకాండము 22:2-3, లూకా 22:35-51



మొన్నొక ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరంలో చాపలు చుట్టిపెడుతుంటే మన సంఘంలోని ఒక తల్లి ఫోను తెచ్చి మా చేతికిచ్చింది. అవతల టెక్సాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, అక్కడ రాత్రి రెండు గంటలు. గ్యాస్ స్టేషన్ కొట్లో నైట్ షిఫ్టులో ఉన్నాడు.

"అయ్యగారూ, వందనాలండీ. ఒక్కసారి స్పీకరు తీసెయ్యండి" అన్నాడు.

తీసేశాం. అప్పుడు చెప్పాడు. రెండు వారాల కిందట వాళ్ల కొట్టుకు దగ్గర్లోనే ఇంకో కొట్లోకి తుపాకితో ఒకడొచ్చి డబ్బు పట్టుకుపోయాడట. కౌంటర్లో ఉన్న మనిషి ప్రాణాలతో బయటపడ్డాడు గానీ మళ్లీ పనికి రాలేదట. "నేనూ ఒక చిన్న పిస్తోలు కొనుక్కుందామనుకుంటున్నానండీ. డెరింజర్ అంటారు. అరచేతిలో పట్టేస్తుంది, రెండే తూటాలు. ఇది పాపమా అయ్యగారూ? మీరు వద్దంటే కొనను."

ప్రియులారా, మీరు వద్దంటే కొనను అన్నప్పుడే మాకు భయం వేసింది. మేము వద్దని, రేపు వాడికేమైనా అయితే ఆ తల్లి ముఖం ఎలా చూస్తాం? సరేనని, వాడి చేతిమీదుగా ఒక ప్రాణం పోతే ప్రభువు ముఖం ఎలా చూస్తాం? వారం గడువడిగి ఫోను పెట్టేశాం. తర్వాత అబ్బాయే తల్లికి సంగతి చెప్పుకున్నాడు. ఇద్దరి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాం. బయటి దేశాల్లో రాత్రిళ్లు పనిచేసే పిల్లలు మన పొన్నూరు ఇళ్లల్లో చాలామందికి ఉన్నారు గనుక, ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదని మా నమ్మకం.

ముందు ఆ వస్తువు సంగతి. మాకు తుపాకుల గురించి తెలియదు గనుక ఆ వారమంతా చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల పనివాడు ఉండేవాడు. జేబులో పట్టే పిస్తోళ్లు చేయడంలో పేరుపడ్డాడు. అతని పేరే ఆ జాతి పిస్తోళ్లన్నిటికీ స్థిరపడింది. తర్వాత రెమింగ్టన్ కంపెనీ ఒకదానిమీద ఒకటి రెండు గొట్టాలున్న రకాన్ని 1866 నుంచి 1935 వరకు తయారుచేసింది. మన అబ్బాయి చెప్పింది ఆ పోలికదే. ఈ రోజుకీ టెక్సాస్‌లోని గ్రాన్‌బరీ ఊళ్లో ఒక కంపెనీ ఇవే చేస్తోంది.

అక్కడి చట్టం సంగతీ తెలుసుకున్నాం. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో అర్హత ఉండి 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు దగ్గర పెట్టుకుని తిరగవచ్చు. అయితే చదువుల వీసా, ఉద్యోగపు వీసా మీద వెళ్లినవాళ్లు, కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. మన అబ్బాయికి గ్రీన్ కార్డు వచ్చింది గనుక ఆ అడ్డు లేదు. మీ పిల్లలెవరైనా స్నేహితుడి తుపాకిని ఊరికే చేతిలో పట్టుకుని ఫోటో దిగినా చిక్కే. ఈ సంగతి ఫోనులో చెప్పి ఉంచండి.

మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి, దానికి కారణం చూపాలి, పోలీసు విచారణ జరగాలి. ఎన్నికలొస్తే తీసుకెళ్లి స్టేషనులో అప్పగించమంటారు. డిల్లీలో 2012లో ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరం తర్వాత, 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం ఆడవాళ్ల కోసమని అరకిలో బరువున్న "నిర్భీక్" అనే చిన్న రివాల్వరు తెచ్చింది. ధర లక్షా ఇరవై వేలు దాటింది. మన చేలల్లో వరి నాట్లు వేసి, మినుము పీకే అక్కాచెల్లెళ్లలో దాన్ని కొనగలిగినవాళ్లు ఎంతమంది? భయం మాత్రం వాళ్లకే ఎక్కువ.

ఇక తక్కెడలో వేసి చూద్దాం. అబ్బాయి వైపు నుంచి ముందు చూస్తాం, ఎందుకంటే ఆ రాత్రి కౌంటర్లో నిలబడేది అతను, మేము కాదు.

ఆత్మరక్షణ దేవుడు ఒప్పుకోనిదేమీ కాదు. నిర్గమకాండం 22వ అధ్యాయం తెరవండి. రాత్రి కన్నం వేస్తుండగా దొరికిన దొంగను కొడితే, వాడు చచ్చినా కొట్టినవాడి మీద రక్తాపరాధం లేదని ధర్మశాస్త్రం చెబుతోంది. నెహెమ్యా గోడ కట్టించినప్పుడు పనివాళ్లు ఒక చేత్తో పనిచేస్తూ రెండో చేత్తో ఆయుధం పట్టుకున్నారు. అలాగని వాళ్లకు విశ్వాసం లేదని ఎవరూ అనలేదు. పిస్తోలులోనూ అనుకూలమైన సంగతులు ఉన్నాయి. చిన్నది, భాగాలు తక్కువ, పెద్ద పిస్తోళ్లలా తూటా మధ్యలో ఇరుక్కుపోయే బెడద అంతగా ఉండదు. అన్నిటికంటే, ఒంటరిగా ఉన్న మనిషికి ఒంటరిగా లేనన్న ధైర్యం. ఆ ధైర్యాన్ని మేము తేలిగ్గా తీసిపారేయం. మందిరం పక్కన నలుగురి మధ్య పడుకునే మేము రాత్రి రెండింటికి హైవే పక్కన ఒక్కడే నిలబడేవాడికి నీతులు చెప్పడం సులువు.

ఇప్పుడు రెండో తట్ట. రెండు తూటాలు అయిపోతే గొట్టం విప్పి, చేత్తో మళ్లీ నింపుకోవాలి. ఎదుటివాడు అంతసేపు ఆగడు. గొట్టం పొట్టిది గనుక గురి కుదరడం కష్టం, పేలితే మణికట్టు అదిరిపోతుందట. దోచుకోవడానికి వచ్చినవాడి తుపాకి అప్పటికే బయట ఉంటుంది, మనవాడిది జేబులో ఉంటుంది. వాడు అడిగేది గల్లాపెట్టెలో డబ్బు. మనవాడి చెయ్యి జేబులోకి వెళ్లిందంటే డబ్బు బేరం ప్రాణం బేరమవుతుంది. పైగా అరచేతిలో పట్టే వస్తువు చిన్న చేతిలోనూ పడుతుంది. అబ్బాయికి నాలుగేళ్ల పాప ఉంది.

ఇంకొకటి చెప్పాలి. అమెరికాలో తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇది చదివినప్పుడు మాకు అమెరికా కాదు, మన పొలాలే గుర్తొచ్చాయి. పురుగుల మందు తాగినవాళ్ల ఇళ్లకు మేము ఎన్నిసార్లు వెళ్లామో మీకు తెలుసు. బతికి బయటపడ్డ ఒక సహోదరుడు ఆసుపత్రిలో మాతో అన్న మాట: "ఆ గంట దాటితే నేను తాగేవాణ్ని కాదయ్యగారూ. డబ్బా గూట్లోనే ఉంది." అప్పటినుంచే మందు డబ్బాలు ఇంట్లో పెట్టొద్దని, తాళం వేసి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచమని పోరుతున్నాం. మనిషికి చీకటి గంట వస్తుంది. ఆ గంటలో చేతికందే దూరంలో ఏముందన్నదే ముఖ్యం. ఆ గంట పిస్తోలు కొనుక్కున్నవాడికి కూడా వస్తుంది. (మీలో ఎవరికైనా ఆ గంట వచ్చిందనిపిస్తే, ఎంత రాత్రయినా మా తలుపు కొట్టండి. ఇంట్లోవాళ్లతో చెప్పండి, డాక్టరు దగ్గరికి మేమే తోడొస్తాం.)

ఇంతవరకు రాశాక ఒక జవాబు తయారైనట్టే కనిపించింది: కొనవద్దు, దేవుణ్ని నమ్ముకో. అది పంపడానికి ముందు బుధవారం ప్రార్థన కూడికలో మన సంఘ పెద్ద ఒకాయనకు చదివి వినిపించాం. ఆయన బంధువులది చుండూరు.

చిన్నవాళ్ల కోసం చెబుతున్నాం. నిడుబ్రోలులో తెనాలి వైపు పాసింజరు ఎక్కితే మోదుకూరు దాటాక వచ్చే స్టేషను చుండూరు. అంత దగ్గర. 1991 ఆగస్టు 6న అక్కడ దళితవాడ మనుషులను పొలాల్లో వెంటాడి, గొడ్డళ్లతో, ఇనుప రాడ్లతో చంపారు. ఎనిమిది మంది పోయారు. దేహాలను కొన్నిటిని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మిగిలినవాళ్లు ఊరొదిలి తెనాలి చేరి శిబిరాల్లో తలదాచుకున్నారు.

పెద్దాయన అంతా విని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయ్యగారూ, మావాళ్లను తరిమినప్పుడు చేతిలో ఏమీ లేదు. ఆ రోజు మీరు అక్కడుంటే ఈ కాగితం చదివేవారా?"

మేము తలొంచుకున్నాం. తర్వాత ఆయనే చెప్పాడు. "తుపాకులు లేక కాదు. ఆ రోజు ఊళ్లో పోలీసులున్నారు. వాళ్ల దగ్గర ఉన్నాయి. అవి మా కోసం లేవలేదు, అంతే."

ఆ రాత్రి మేము 1995లో వచ్చిన షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక నియమాలు తీసి చదివాం. అందులో మూడో నియమం మాకు అంతకుముందు తెలియదు. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో అవసరమనుకుంటే ఇతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయవచ్చు, అక్రమంగా ఉన్న తుపాకులు స్వాధీనం చేసుకోవాలి, ప్రాణ రక్షణ, ఆస్తి రక్షణ కోసం దళిత గిరిజనులకు లైసెన్సు ఇవ్వవచ్చు అని రాసి ఉంది. అంటే, కొంతమందికి రక్షణ అందదని ప్రభుత్వమే ఒప్పుకుని రాసుకుంది.

మరి చుండూరువాళ్లు ఏ ఆయుధం పట్టారు? సాక్షుల బోను ఎక్కారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు, ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టించారు. పదహారేళ్లు తిరిగారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. తర్వాత 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. గెలిచారని చెప్పి మీకు తీపి ముగింపు ఇవ్వలేం. కానీ పెద్దాయన మాట ఒకటుంది: "తుపాకి పట్టి ఉంటే మా పిల్లలు ఈ రోజు జైళ్లలోనో గోరీల్లోనో ఉండేవాళ్లు. సాక్ష్యం చెప్పారు గనుక తలెత్తుకుని చదువుకున్నారు. అలాగని చేతుల్లో ఏమీ లేనివాడికి భయపడొద్దని చెప్పకండి."

అందుకని మా కాగితం చింపేశాం. దాని బదులు, మీలో చాలామందికి తెలియని మా ఇంటి సంగతి ఒకటి అబ్బాయికి రాశాం. ఇప్పుడు మీకూ ఒప్పుకుంటున్నాం.

కొన్నేళ్ల కిందట కానుకల పెట్టె పగలగొట్టారు, గుర్తుందా? ఆ తర్వాత మేము దొడ్డితలుపు పక్కన రోకలి పెట్టుకుని పడుకునేవాళ్లం. ఒక వానాకాలపు రాత్రి కరెంటు పోయింది. తలుపు గడియ కదిలిన చప్పుడు. మాలో ఒకరి చేతిలో రోకలి, ఒకరి చేతిలో టార్చి. తలుపు తెరుచుకోగానే నీడ కనిపించింది, రోకలి పడింది. ఆ తర్వాతే టార్చి వెలిగింది.

కింద పడి ఏడుస్తున్నది పదహారేళ్ల పిల్లాడు. మన మందిరం ఊడ్చే అవ్వ మనవడు. సాయంత్రం మా వంటింట్లో ఛార్జింగు పెట్టుకున్న ఫోను మర్చిపోయాడు. మమ్మల్ని లేపడమెందుకని మెల్లిగా తీసుకుపోదామనుకున్నాడు. భుజం ఎముక విరిగింది. తప్పు మాది. అవ్వ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ. ఆరు వారాలకు కట్టు విప్పారు. ఈ రోజు ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించే చేతులు అవే.

రోకలి దెబ్బ గనుక ఆరు వారాల్లో మానింది. ఆ రాత్రి మా చేతిలో ఆ అరచేతి పిస్తోలే ఉండి ఉంటే? మా గుండె కొట్టుకున్న తీరు చూస్తే రెండు తూటాలూ పేలేవి. చట్టం మమ్మల్ని శిక్షించేదో లేదో. పాత శిక్షాస్మృతి 103వ సెక్షనులో, రాత్రిపూట ఇల్లు బద్దలుకొట్టి వచ్చేవాడి నుంచి ఆస్తిని కాపాడుకునేటప్పుడు ప్రాణం తీసే వరకు వెళ్లవచ్చని ఉండేది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త న్యాయసంహితలోనూ సూర్యాస్తమయం, సూర్యోదయం అంటూ ఆ మాట ఉంది. అయినా ఆ అవ్వ ఊడ్చే మందిరంలో మేము మళ్లీ వాక్యం చెప్పగలిగేవాళ్లమా?

ఇప్పుడు నిర్గమకాండం తర్వాతి వచనం చూడండి. సూర్యుడు ఉదయించాక ఆ దొంగను చంపితే మాత్రం రక్తాపరాధం ఉందంటుంది. ఈ భాగాన్ని ఎన్నోసార్లు చదివాం గానీ, ఆ రాత్రి తర్వాతే అర్థమైంది. దొంగ అదే దొంగ, ఇల్లు అదే ఇల్లు. మధ్యలో మారింది వెలుతురు ఒక్కటే. వెలుతురులో ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది. ముఖం కనిపించాక కూడా చంపితే దేవుడు లెక్క అడుగుతాడు. చీకట్లో ముఖం తెలియక కొట్టినవాడి మీద ఆయన జాలిపడ్డాడు. అంతే తప్ప కొట్టడం మంచిదని చెప్పలేదు.

లూకా 22లోనూ ఇదే. కత్తి లేనివాడు బట్ట అమ్మి అయినా కొనుక్కోమన్నట్టు ప్రభువు మాట్లాడాడు. శిష్యులు రెండు కత్తులు చూపించారు. చాలన్నాడు. ఆ మాటను కత్తి పట్టమని ఆజ్ఞగా తీసుకున్నవాళ్లున్నారు, ఇక ఆ సంగతి చాలించండని అర్థం చెప్పినవాళ్లున్నారు. మేము ఆ చర్చ తేల్చలేం. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో చదవండి. రెండిట్లో ఒక కత్తి బయటికొచ్చింది. అది యూదా ఇస్కరియోతుకు తగల్లేదు, ప్రధాన యాజకుడికీ తగల్లేదు. మల్కు అనే ఒక దాసుడి చెవి తెగింది. పంపితే వచ్చినవాడు, జీతగాడు. ప్రభువు సిలువకు వెళ్లేముందు చేసిన ఆఖరి స్వస్థత, తన శిష్యుడు చేసిన గాయానికే. మన పిల్లాడి భుజానికి కట్టు కట్టిస్తున్నప్పుడు ఆ చెవే మా కళ్లముందు మెదిలింది.

ఇంకొక సంగతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. అబ్రహాము లింకనును చంపింది కూడా డెరింజరే. 1865 ఏప్రిల్ 14, ఆ రోజు గుడ్ ఫ్రైడే. అంత పెద్ద మనిషి వెనక్కి వచ్చినవాడి చేతిలోది అరచేతిలో దాచుకోగలిగినంత చిన్నది. ఒకే ఒక్క తూటా. ఆత్మరక్షణకని జేబుల్లోకి వచ్చిన వస్తువే. ఇప్పుడది వాషింగ్టన్‌లో ఆ నాటకశాల మ్యూజియంలో ఉందట.

చివరికి అబ్బాయికి ఏం రాశామంటే:

"బాబూ, నువ్వు కొంటే పాపివని మేము అనం. కొనకపోతే నీకేమీ కాదని కూడా అనం. ఆ మాట ఇవ్వడానికి మేమెవరం? కొనేముందు మాత్రం ఇవి చెయ్యి. నీ భార్యతో చెప్పు. ఆమెకు తెలియకుండా ఆ వస్తువు ఇంట్లోకి రాకూడదు. పాపకు అందని తాళం ముందు కొను, పిస్తోలు తర్వాత. నేర్పేవాళ్ల దగ్గర సరిగా నేర్చుకో. కొట్టు యజమానిని అడుగు: ఉద్యోగులు తుపాకి తెచ్చుకోవచ్చా? కౌంటరుకు గట్టి అద్దం వేయిస్తాడా? రాత్రి ఇద్దరిని పెడతాడా? బయట లైట్లు బాగుచేయిస్తాడా? గల్లాలో తక్కువ డబ్బు ఉంచుతాడా? వీటికి కాదంటే, నీ ప్రాణం ఖరీదు ఆయన ఎంత కట్టాడో నీకే తెలుస్తుంది. ఎవడైనా తుపాకి చూపిస్తే డబ్బు ఇచ్చేయ్. ఆ డబ్బు నీది కాదు, ప్రాణం నీది, దాన్ని ప్రభువు కొన్నాడు. నీకు చీకటి గంట వస్తే ఆ వస్తువు ఇంకొకరి ఇంట్లో పెట్టించు, మాకు ఫోను చెయ్యి. ఇక్కడ పగలో రాత్రో చూడకు."

పది రోజులకు జవాబొచ్చింది. యజమాని అద్దానికి ఒప్పుకోలేదట. లైట్లు మాత్రం వేయించాడు. అబ్బాయి పగటి షిఫ్టుకు మార్చమని అడిగాడు, జీతం కొంచెం తగ్గింది. పిస్తోలు సంగతి ఇంకా తేల్చుకోలేదన్నాడు. "ప్రస్తుతానికి కొనలేదండీ" అని రాశాడు. ఆ "ప్రస్తుతానికి" మమ్మల్ని ప్రార్థనలో ఉంచుతోంది. తల్లి మాత్రం మధ్యాహ్నం పన్నెండున్నర కాగానే ఫోను చూసుకోవడం మానలేదు.

మా దొడ్డితలుపు పక్కన ఇప్పుడు రోకలి లేదు. వంటింట్లో ఉండవలసిన చోట ఉంది. తలుపుపైన బ్యాటరీతో వెలిగే బల్బు ఒకటి పెట్టించాం, కరెంటు పోయినా రాత్రంతా వెలుగుతుంది. డోలక్ వాయించే అబ్బాయే నిచ్చెనెక్కి బిగించాడు.

ప్రార్థన: ప్రభువా, రాత్రిళ్లు ఒంటరిగా పనిచేసే మా బిడ్డలను కాపాడుము. చుండూరులో కన్నవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లను జ్ఞాపకం చేసుకొనుము. మా చెయ్యి లేవకముందే ఎదుటివాని ముఖము మాకు చూపించుము. మావలన గాయపడినవారిని నీ చేతితో ముట్టి బాగుచేయుము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.